రే వదిలి వెళ్లిన కోటు

2019 జూన్ 11, వాషింగ్టన్. జాన్ స్టివర్ట్ చేతుల్లో ఒక పాత కోటు పెట్టారు.

నల్లటి దళసరి గుడ్డ. దాని మీద వెలుతురు పడితే మెరిసే పసుపు పట్టీలు. న్యూయార్క్ ఫైర్‌మన్‌లు మంటల్లోకి వెళ్లేటప్పుడు వేసుకునే కోటు అది. పొగలో మొహాలు కనిపించవు గనుక అక్కడ వీపు కింది భాగాన ఇంటిపేరు పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఎవరు ముందు వెళ్తున్నారో వెనకున్నవాళ్లకు తెలియడానికి. ఆ కోటు మనిషి ఇంటిపేరు ఫైఫర్.

పదహారేళ్ల పాటు రాత్రివేళ టీవీలో కూర్చుని అమెరికాను నవ్వించిన స్టివర్ట్, ఆ కోటు అందుకుని ఏడ్చేశాడు.

కోటు వేసుకున్న రే ఫైఫర్ చనిపోయి అప్పటికి రెండేళ్లు దాటింది. 1987లో న్యూయార్క్ అగ్నిమాపక శాఖలో చేరిన మనిషి. ఎన్నో మంటల్లోకి వెళ్లి క్షేమంగా బయటికి వచ్చాడు. ఆయన ప్రాణం తీసింది ఎప్పుడో ఆరిపోయిన ఒక మంట.

ఆ మంట గురించి చెప్పాలంటే ముందు ఒక ఫైర్ స్టేషన్ గురించి చెప్పాలి.

మన్‌హట్టన్ పడమటి వైపు, లింకన్ సెంటర్ నాటకశాలలకు దగ్గరలో, 66వ వీధీ ఆమ్‌స్టర్‌డామ్ అవెన్యూ కలిసే చోట ఉంటుందది. అందులో రెండు బండ్లు. నీళ్లు కొట్టే బండి ఇంజన్ 40, నిచ్చెన బండి ల్యాడర్ 35. నీళ్ల బండి వాళ్లు మంటతో పోరాడుతుంటే, నిచ్చెన బండి వాళ్లు లోపలికి దూరి మనుషుల కోసం వెతుకుతారు. న్యూయార్క్‌లో ఫైర్ స్టేషన్ అంటే రెండో ఇల్లు. ఇరవై నాలుగు గంటల డ్యూటీల్లో కలిసి వండుకుంటారు, ఒకే బల్ల చుట్టూ కూర్చుని తింటారు. ఒకరి పిల్లల పుట్టినరోజులు ఇంకొకరికి గుర్తుంటాయి. రే అక్కడి పాతకాపు.

2001 సెప్టెంబర్ 11, మంగళవారం. ఉదయం 8.46కి మొదటి విమానం వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఉత్తర టవర్‌ను ఢీకొంది. 9.03కి రెండోది దక్షిణ టవర్‌ను. ఆ స్టేషన్ నుంచి రెండు బండ్ల మీద పదముగ్గురు బయలుదేరారు. తిరిగి వచ్చింది ఒక్కడు. పన్నెండు మంది కాంక్రీటు కింద ఉండిపోయారు. అదే చుట్టుపక్కల నివసించే సుప్రసిద్ధ పాత్రికేయుడు డేవిడ్ హాల్బర్‌స్టామ్ ఆ పదముగ్గురి కథను ‘ఫైర్‌హౌస్’ అనే పుస్తకంగా రాశాడు. 2002లో వచ్చింది.

ఆ ఉదయం రేకు డ్యూటీ లేదు. తోటివాళ్లతో గోల్ఫ్ ఆడడానికి వెళ్లాడు. వార్త తెలియగానే ఆట వదిలేసి వెనక్కి పరిగెత్తాడు. వచ్చేసరికి రెండు టవర్లూ లేవు. తన బల్ల చుట్టూ కూర్చుని తిన్నవాళ్లు లేరు. ఒక డ్యూటీ అటూ ఇటూ అయి ఉంటే ఆ బండి మీద తను ఉండేవాడు. ఇలా బతికి బయటపడ్డవాళ్లు ప్రాణం దక్కిందని సంతోషించలేరు. నేను ఎందుకు మిగిలాను అని అడుగుతూనే ఉంటారు. రే దానికి జవాబు మాటల్లో వెతకలేదు. గుట్ట ఎక్కాడు.

గుట్ట అనే అనేవాళ్లు అక్కడ పనిచేసినవాళ్లు. పైల్. నూట పదేసి అంతస్తుల రెండు భవనాలు కూలి, ఉక్కూ కాంక్రీటూ మనుషులూ కలిసిపోయి ఏర్పడిన గుట్ట. దాని లోతుల్లో మంటలు మూడు నెలలకు పైగా ఆరలేదు. బూట్ల అడుగులు కరిగిపోయేవి. మొదటి రోజుల్లో యంత్రాలు వాడడానికి భయపడ్డారు, కింద ఎవరైనా బతికి ఉంటారేమోనని. వరుసగా నిలబడి, చేతులతో తవ్వి, బకెట్లు ఒకరికొకరు అందించుకుంటూ శిథిలాలను దించారు. ఏ బకెట్‌లో ఏముందో చూసేవాళ్లు. ఒక ఉంగరం, ఒక ఎముక ముక్క, ఒక హెల్మెట్.

ఏదైనా దొరికితే పని ఆగిపోయేది. యంత్రాలు ఆపేసేవాళ్లు. అందరూ హెల్మెట్లు తీసి రెండు వరుసలుగా నిలబడేవాళ్లు. దొరికినవాడు ఫైర్‌మన్ అయితే, ఏ స్టేషన్ మనిషో పోల్చుకుని ఆ స్టేషన్‌కు కబురు పెట్టేవాళ్లు. సొంతవాళ్లు వచ్చి, జెండా కప్పి, తమ భుజాల మీద మోసుకుని దించాలి. పాడె పట్టే హక్కు ఎవరిదో అక్కడ కూడా అందరికీ తెలుసు.

మనవైపు దహనం తర్వాత అస్థి సంచయనం చేస్తాం. ఒక్క పూటలో అయిపోతుంది. ఒక కుండ, ఒక పాలచెంబు, నలుగురు మనుషులు. రే ఫైఫర్ ఆ పనిని ఎనిమిది నెలలు చేశాడు. ఆ రోజు న్యూయార్క్‌లో చనిపోయిన 2,753 మందిలో 343 మంది అగ్నిమాపక శాఖ వాళ్లే. వాళ్ల ఇళ్లలో శవపేటికలో పెట్టడానికి ఏదో ఒకటి కావాలి. ఆ ఏదో ఒకటి కోసం తవ్వాడు. ఇప్పటికీ దాదాపు 1,100 మంది ఆనవాలు దొరకలేదు.

ఎనిమిది నెలలూ ఆయన పీల్చింది ఏమిటి? పిండి అయిపోయిన సిమెంటు. అద్దాల పొడి, గాజునూలు. వేల కంప్యూటర్ల నుంచి వచ్చిన సీసం. ట్యూబులైట్లలోని పాదరసం. కాలిన ప్లాస్టిక్, విమానాల ఇంధనం. వీటికి తోడు ఆస్బెస్టాస్. ఉత్తర టవర్ కింది అంతస్తుల ఉక్కు దూలాలకు నిప్పు తగలకుండా కట్టేటప్పుడు పూసినది అది. నిప్పు నుంచి కాపాడాల్సిన పూతే గాలిలో కలిసి నిప్పు ఆర్పేవాళ్ల ఊపిరితిత్తుల్లోకి చేరింది. సరైన మాస్కులు ఆ తొలి రోజుల్లో చాలామందికి లేవు. ఉన్నవాళ్లూ గంటల తరబడి పెట్టుకోలేకపోయారు. మాస్కు పెట్టుకుంటే మాట్లాడడం కుదరదు, వేసిన కేక పక్కవాళ్లకు వినిపించదు. 

ఒక విషయం ఇక్కడ గట్టిగా చెప్పుకోవాలి. 2001 సెప్టెంబర్ 18న, అంటే టవర్లు కూలిన వారానికి, అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అధిపతి క్రిస్టీన్ టాడ్ విట్‌మన్ న్యూయార్క్ గాలి పీల్చడానికి సురక్షితమేనని ప్రకటించారు. ఆ మాట చెప్పడానికి కావలసినంత సమాచారం అప్పటికి లేదని అదే సంస్థకు చెందిన తనిఖీ విభాగం 2003లో తేల్చింది. రెండేళ్లు ఆలస్యంగా. ఈలోగా వేలమంది ఆ మాట నమ్మి పనిచేశారు. కొందరు నమ్మకపోయినా చేసి ఉండేవాళ్లు. రే అలాంటివాడే అని నా నమ్మకం. అయినా నిజం చెప్పి ఉంటే కనీసం మాస్కు గట్టిగా బిగించుకునేవాళ్లు.

ముందు దగ్గు మొదలైంది. దానికి వరల్డ్ ట్రేడ్ సెంటర్ దగ్గు అని పేరే పెట్టారు. అగ్నిమాపక శాఖ డాక్టర్ డేవిడ్ ప్రెజాంట్‌కు ఒక అనుకూలత ఉంది. తన ఫైర్‌మన్‌ల ఊపిరితిత్తుల సామర్థ్యాన్ని ఆ శాఖ 2001కి ముందు నుంచే కొలిచి రాసి పెట్టుకునేది. ముందు ఎలా ఉండేవో తెలుసు గనుక తర్వాత ఎంత పోయిందో తేలింది. మామూలుగా పన్నెండేళ్ల వయసు పెరిగితే తగ్గేంత శక్తి ఆ ఒక్క ఏడాదిలో తగ్గింది. 2011లో ఆయన బృందం ‘లాన్సెట్’ పత్రికలో మరో లెక్క అచ్చువేసింది. మొత్తం 9,853 మంది ఫైర్‌మన్‌లను పరిశీలిస్తే, ఆ దుమ్ములో పనిచేసినవాళ్లలో క్యాన్సర్లు మిగతా ఫైర్‌మన్‌ల కంటే 19 శాతం ఎక్కువ.

రేకు ఆ లెక్క అక్కర్లేకపోయింది. 2009లోనే తెలిసింది. కిడ్నీ క్యాన్సర్. నాలుగో స్టేజీ.

మసికీ క్యాన్సర్‌కూ ఉన్న చుట్టరికం కొత్తది కాదు. 1775లోనే లండన్ సర్జన్ పెర్సివల్ పాట్ దాన్ని పట్టుకున్నాడు. పొగగొట్టాలు శుభ్రం చేయడానికి దూర్చిన చిన్నపిల్లలు పెద్దయ్యాక ఒక ప్రత్యేకమైన క్యాన్సర్‌తో ఎందుకు చనిపోతున్నారో వెతికి, ఒంటికి పట్టిన మసే కారణమని రాశాడు. మనిషి చేసే పని వల్ల క్యాన్సర్ వస్తుందని వైద్యం గుర్తించిన తొలి సందర్భం అది. ఆ తర్వాత రెండు శతాబ్దాలు గడిచాక కూడా, ఫైర్‌మన్‌లు మసి పట్టిన కోటును గొప్పగా చూసుకునేవాళ్లు. ఎంత నల్లబడితే అంత అనుభవం. ఉతికిన కోటు కొత్తవాడి గుర్తు. ఆ మసి చెమటతో కలిసి చర్మం గుండా ఒంట్లోకి దిగుతుందని, మంట ఆరాక మాస్కు తీసేసి బూడిద కెలికేటప్పుడు కూడా విషం పీలుస్తామని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

రే క్యాన్సర్ ఎముకలకు పాకింది. కాలు పనిచేయకుండా పోయింది. చక్రాల కుర్చీ వచ్చింది. నాలుగో స్టేజీ అన్నాక ఎవరైనా ఇంట్లో, తనవాళ్ల మధ్య, ఉన్నన్నాళ్లూ గడపాలనుకుంటారు. అందులో తప్పులేదు. ఈయన ఆ మిగిలిన రోజులను తీసుకెళ్లి వాషింగ్టన్‌లో ఖర్చుపెట్టాడు.

ఎందుకంటే అక్కడ ఒక చట్టం ఊగిసలాడుతోంది.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని మన పెద్దలు ఊరికే అనలేదు. 2001లో ఫైర్‌మన్‌ల పక్కన నిలబడి ఫొటోలు దిగని నాయకుడు లేడు. వాళ్లు జబ్బుపడ్డాక వైద్యం ఖర్చు ఎవరు పెట్టుకోవాలనే చట్టం చేయడానికి తొమ్మిదేళ్లు పట్టింది. 2006లో చనిపోయిన జేమ్స్ జడ్రోగా అనే పోలీసు డిటెక్టివ్ పేరు మీద ఆ చట్టం 2010 డిసెంబర్‌లో గట్టెక్కింది. అందులో రెండు సంగతులు చదివితే మనసు కలుక్కుమంటుంది. ఒకటి, చికిత్సకు పేరు నమోదు చేసుకున్న ప్రతి ఒక్కరి పేరునూ ఉగ్రవాదుల అనుమానిత జాబితాతో సరిచూడాలని రాశారు. ఉగ్రవాదుల దాడిలో మనుషుల్ని కాపాడినవాళ్ల పేర్లను! రెండు, వైద్యం అందించే జబ్బుల జాబితాలో క్యాన్సర్ లేదు. రుజువులు చాలవన్నారు. యాభై రకాల క్యాన్సర్లను చేర్చడానికి 2012 దాకా ఆగాల్సి వచ్చింది.

పైగా దానికి గడువు ఐదేళ్లే. 2015లో చట్టం చెల్లిపోయే వేళకు మళ్లీ అడుక్కోవాలి. క్యాన్సర్‌కు గడువు ఉండదు, చట్టానికి మాత్రం ఉంది.

అప్పుడు కదిలారు. ముందు నడిచినవాడు జాన్ ఫీల్. శిథిలాలు తొలగించే పనికి మేస్త్రీగా వెళ్లి, మూడున్నర టన్నుల ఉక్కు దూలం మీద పడి ఎడమ పాదంలో సగం పోగొట్టుకున్నవాడు. పక్కన జాన్ స్టివర్ట్. వాళ్లతో పాటు చక్రాల కుర్చీలో రే ఫైఫర్. సెనేట్ ఆఫీసుల పాలరాతి నడవాల్లో ఆ కుర్చీ ఒక గది నుంచి ఇంకో గదికి తిరిగింది. గదిలోపల ఒక సెనేటర్, లేదంటే ఆయన సహాయకుడు. చేతిలో లెక్కల కాగితాలు. ఎదురుగా ఈ మనిషి. లెక్కల కాగితం చూసి వద్దనడం తేలిక. కుర్చీలో కూర్చున్న మనిషి కళ్లలోకి చూసి వద్దనడం కష్టం. రే ఆ సంగతి గ్రహించాడు. రుజువులు చాలవన్నవాళ్లకు తన ఒంటినే రుజువుగా తీసుకెళ్లి చూపించాడు.

తన వైద్యం కోసం అంత తిరగక్కర్లేదు. తను ఎంతకాలం ఉంటాడో తనకు తెలుసు. ఇంకా జబ్బు బయటపడనివాళ్ల కోసం, బయటపడినా ఎవరికీ చెప్పుకోలేనివాళ్ల కోసం తిరిగాడు. ఆరోగ్యంగా ఉన్న నేను ఇది రాస్తూ కూడా ఆ పని చేయగలనా అని నన్ను నేను అడుగుతున్నాను.

2015 డిసెంబర్‌లో చట్టం మళ్లీ నెగ్గింది. వైద్యానికి గడువు 2090 దాకా పొడిగించారు. జబ్బుపడ్డవాళ్లకూ, పోయినవాళ్ల కుటుంబాలకూ డబ్బిచ్చే పరిహార నిధికి మాత్రం మళ్లీ ఐదేళ్లే ఇచ్చారు. 2016 జనవరిలో న్యూయార్క్ మేయర్ బిల్ డి బ్లాసియో రే ఫైఫర్‌కు నగరపు తాళంచెవి బహూకరించారు. ఒక నగరం తన మనిషికి ఇచ్చే అత్యున్నత గౌరవాల్లో ఒకటి అది. స్టివర్ట్ కూడా ఆ సభలో ఉన్నాడు.

2017 మే 28న రే ఫైఫర్ కన్నుమూశాడు. వయసు 59.

కథ అక్కడ ఆగలేదు. 2019 ఫిబ్రవరిలో పరిహార నిధి అధికారి రూపా భట్టాచార్య ఒక కఠినమైన ప్రకటన చేశారు. డబ్బు అయిపోతోంది, అడిగేవాళ్లు పెరుగుతున్నారు. అప్పటికే అర్జీ పెట్టుకున్నవాళ్లకు రావాల్సిన దానిలో సగం కోత. ఆ తర్వాత పెట్టేవాళ్లకు డెబ్బై శాతం కోత. ముందు జబ్బుపడ్డవాడికి ఒక ధర, వెనక జబ్బుపడ్డవాడికి ఇంకో ధర! తప్పు ఆమెది కాదు, కొలిచి ఇచ్చిన చట్టసభది.

అందుకే జూన్ 11న మళ్లీ వాషింగ్టన్. ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు విచారణ. బాధితుల కుర్చీలు నిండిపోయాయి. సభ్యుల కుర్చీలు చాలావరకు ఖాళీ. సాక్షుల బల్ల దగ్గర న్యూయార్క్ మాజీ పోలీసు డిటెక్టివ్ లూయిస్ అల్వారెజ్, బొమికల గూడులా కూర్చున్నాడు. మర్నాడు 69వ కీమోథెరపీ ఉందని చెప్పాడు. అతని పక్కన స్టివర్ట్. ఖాళీ కుర్చీలు చూసి అతని గొంతు వణికింది. కబురు అందిన ఐదు సెకన్లలో వీళ్లు వాళ్ల పని చేశారని, పద్దెనిమిదేళ్ల తర్వాతైనా మీ పని మీరు చేయండని అడిగాడు. ఆ గొంతులో కోపం, బాధ రెండూ ఉన్నాయి. రే కోటు అతని చేతికి వచ్చింది ఆ రోజే.

తర్వాత అంతా వేగంగా జరిగింది. మర్నాడే కమిటీ ఆమోదం. జూన్ 29న అల్వారెజ్ 53 ఏళ్లకు పోయాడు. జూలై 12న ప్రతినిధుల సభలో 402 మంది అవునన్నారు, 12 మంది కాదన్నారు. జూలై 23న సెనేట్‌లో 97 అవును, 2 కాదు. జూలై 29న అధ్యక్షుడు ట్రంప్ సంతకం. ఇన్నేళ్ల తిప్పలకు చివరికి పట్టింది ఏడు వారాలు.

ఆ చట్టం పేరులో ముగ్గురున్నారు. జేమ్స్ జడ్రోగా, రే ఫైఫర్, లూయిస్ అల్వారెజ్. ఇద్దరు పోలీసులు, ఒక ఫైర్‌మన్. దాని ప్రకారం పరిహారానికి 2090 అక్టోబర్ 1 వరకూ అర్జీ పెట్టుకోవచ్చు. ఆ దుమ్ము పీల్చిన పసిబిడ్డకు అప్పటికి తొంభై ఏళ్లు దగ్గరపడతాయి. అంతకాలం ఎందుకంటే ఆస్బెస్టాస్ ఒంట్లో చేరాక జబ్బుగా బయటపడడానికి ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్లు పడుతుంది.

2023 సెప్టెంబర్‌లో న్యూయార్క్ అగ్నిమాపక శాఖ ఇంకో లెక్క చెప్పింది. ఆ దుమ్ము జబ్బులతో పోయిన తమ వాళ్ల సంఖ్య 343కి చేరిందని. టవర్లు కూలిన రోజు పోయినవాళ్లెంతమందో, తర్వాత మంచాల మీద పోయినవాళ్లు అంతమంది. ఆ సంఖ్య అక్కడా ఆగలేదు.

మనకు దూరంగా జరిగిన ముచ్చట ఇది అనుకుంటారేమో. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, ఫ్రాన్స్‌లోని లియోన్ నుంచి ఒక తీర్పు ఇచ్చింది. ఫైర్‌మన్ వృత్తి మనిషికి క్యాన్సర్ కలిగిస్తుందని, పొగాకునూ ఆస్బెస్టాస్‌నూ చేర్చిన ఒకటో వర్గంలోనే దాన్ని చేర్చింది. అంతకు ముందు ‘కలిగించవచ్చు’ అనే అనుమానపు వర్గంలో ఉండేది. ఈ తీర్పులో న్యూయార్క్ ఫైర్‌మన్, నెల్లూరు ఫైర్‌మన్ అని తేడా లేదు. నూనె మిల్లు తగలబడినా, రసాయనాల ఫ్యాక్టరీలో మంటలు లేచినా, పత్తి గోడౌను అంటుకున్నా 101కి ఫోన్ చేస్తే వచ్చేది వాళ్లే. మంట ఆరాక మనం ఇళ్లకు వెళ్లిపోతాం. పొగ కక్కుతున్న బూడిదను కెలుకుతూ తెల్లారేదాకా ఉండేదీ వాళ్లే.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు దేశమంతా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పేలుడు సామగ్రి, పత్తి నింపుకున్న ‘ఫోర్ట్ స్టికిన్’ ఓడ పేలిపోతే, మంటలార్పడానికి వెళ్లి బలైన 66 మంది ఫైర్‌మన్‌ల జ్ఞాపకార్థం. ఆ వారం వాళ్లు మన బడికో, మన అపార్ట్‌మెంటుకో వచ్చి సిలిండర్ అంటుకుంటే ఏం చేయాలో నేర్పుతారు. ఈసారి వచ్చినప్పుడు మనం కూడా వాళ్లను నాలుగు మాటలు అడుగుదాం. మంట ఆరాక కూడా పెట్టుకోవడానికి ఊపిరి మాస్కులు చాలినన్ని ఉన్నాయా? మసి పట్టిన కోటు ఉతకడానికి వేస్తే వేసుకోవడానికి రెండో కోటు ఉందా? పని అయ్యాక ఇంటికి వెళ్లేలోపే స్నానం చేయడానికి స్టేషన్‌లో నీళ్లున్నాయా? ఏడాదికోసారి డాక్టర్ పరీక్ష చేస్తున్నాడా? లేవంటే, ఆ మాట మన ఎమ్మెల్యేకు ఒక కాగితం మీద రాసి పంపండి. మీ వీధిలో వాళ్ల సంతకాలు కూడా పెట్టించండి.